జేజి పచ్చబొట్టు, అక్క కూతురి కనుబొమలు

మా అక్క కూతురికి మాఘంలో పెళ్లి. పోయిన నెల బంగారం చూడ్డానికి ప్రొద్దుటూరు పోతే, గాజులు బేరమాడుతుండగానే చెవిలో అడిగింది: "పిన్నీ, కనుబొమలు చేయించుకోవల్ల, నువ్వు తోడు రా."

దారంతో చేసేదేమో అనుకున్నా. కాదంట, మైక్రోబ్లేడింగ్. వాళ్లమ్మను ఎందుకు అడగలేదో నాకు తెలుసు. థైరాయిడ్ వచ్చినాక అక్క కనుబొమల చివర్లు పలచబడ్డాయి. నాలుగేళ్ల కిందట ఒక పార్లర్లో పర్మనెంట్ మేకప్ చేయించుకుంది. మొదట్లో బాగానే ఉండింది. ఏడాది తిరిగేసరికి ముదురు గోధుమరంగు కాస్తా తడిసిన సిమెంటు రంగుకు తిరిగింది. అప్పట్నుంచి ఫొటో అంటే చాలు, ఎవరో ఒకరి వెనక నిలబడుతుంది.

ఆ రంగు ఎక్కడో చూసినట్టుందే అని చాన్నాళ్లు అనిపించేది. తర్వాత తట్టింది. అది మా జేజి చేతి మీది రంగు.

మాది వల్లూరు. జేజికి ముంజేతి మీద తేలు, గడ్డం మీద చుక్క ఉండేవి. చిన్నప్పుడు పుష్పగిరి తిరునాళ్లలో పొడిపించుకుందంట. పొడిచింది ఎరుకలామె. ఆముదం దీపం మసిలో పసుపూ, అవిసాకు పసరూ కలిపి, కట్టగా కట్టిన సూదులతో పొడిచేవాళ్లని జేజి చెప్పేది. నొప్పి తెలియకుండా ఎరుకలామె పాట పాడేదంట. 1909లో థర్‌స్టన్ అచ్చు వేసిన దక్షిణ భారత కులాల పుస్తకంలోనూ ఈ ఆడవాళ్ల పచ్చబొట్ల పని గురించి ఉంది. "నగలు కోడళ్లు తీసుకుంటారు, ఇది మాత్రం నాతోనే వస్తాది" అనేది జేజి. అట్లే తీసుకుపోయింది.

పొడిచింది నల్లటి మసి కదా, మరి పచ్చబొట్టు అని ఎందుకన్నారు? చర్మం కింద లోతుగా ఉన్న నలుపు మనకు నల్లగా కనబడదు. పైనున్న చర్మం వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా వెనక్కి చెదరగొడుతుంది కాబట్టి, నీలమో పచ్చో అన్నట్టు కనిపిస్తుంది. జేజి తేలుకు అదే అందం. కనుబొమకు మాత్రం అదే చేటు. చెయ్యి బరువై సూది లోతుకు దిగినా, రంగులో మసి పాలు ఎక్కువున్నా, గోధుమరంగు వెలిసిపోయి ఆ నీలమే మిగులుతుంది.

మన పైచర్మం నెల, నెలన్నరకోసారి మారిపోతుంటుంది. రంగు నిలవాలంటే దాని కిందిపొరకు చేరాల్సిందే. అక్కడ మన ఒంటి రక్షణకణాలే దాన్ని మింగి పట్టుకుంటాయి. ఆ కణం చచ్చిపోతే పక్కది అందుకుంటుందని 2018లో ఫ్రాన్స్‌లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. మైక్రోబ్లేడింగ్‌లో రంగును పైపైనే దించుతారు కాబట్టి సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో వెలుస్తుంది. పేరుకే పర్మనెంట్. పోవాలనుకున్నది మాత్రం పోదు, అది వేరే సంగతి.

చేతి సూది మిషన్‌గా మారింది కూడా చిత్రమైన కథే. కాగితానికి చిల్లులు పొడిచి నకళ్లు తీసే ఎలక్ట్రిక్ పెన్నుకు ఎడిసన్ 1876లో పేటెంట్ తీసుకున్నాడు. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ అదే పద్ధతిని పచ్చబొట్టుకు మళ్లించాడు. 1984 ప్రాంతంలో గియోరా ఆంగ్రెస్ అనే అమెరికా కంటి డాక్టరు రెప్పల అంచున చెరగని కాటుక గీత గీయడం మొదలుపెట్టాడు. ఇదంతా సోకు కోసమే అనుకోకండి. క్యాన్సర్ మందులకు కనుబొమలు రాలిపోయినవాళ్లకు ఇదొక ఊరట. బొల్లి మచ్చల మీద రంగెక్కించే పని చర్మ డాక్టర్లు చేస్తూనే ఉన్నారు.

జేజి కాలంలో ఎరుకలామె మళ్లీ ఏడాది అదే తిరునాళ్లకు వచ్చేది. చెడగొట్టి ఉంటే ఊరు ఊరంతా చుట్టుముట్టేది. కానీ ఆ ఒక్క సూదుల కట్టే ఎందరి చేతుల్లో దిగిందో! హెపటైటిస్ బి, సి కంటికి కనిపించేవి కావు కదా. ఇప్పుడు సూది కొత్తదే కావచ్చు, పట్టుకున్న మనిషి రెండ్రోజుల కోర్సు చేసిందో రెండేళ్లు నేర్చుకుందో మనకు తెలీదు. అక్కకు చేసినామె ఆర్నెల్లకే బోర్డు మార్చేసింది.

అందుకే అమ్మాయితో పోయినప్పుడు నేను గట్టిగా అడిగినా. సూది ప్యాకెట్టు మా ఎదురుగానే విప్పుతారా? రంగు సీసా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? మనిషి మనిషికీ గ్లౌజులు మారుస్తారా? ఫొటోలైతే అందరూ చూపిస్తారు, చేసిన రోజువి. మానిన తర్వాతవి, ఏడాది దాటినవి చూపించమన్నా. మొదటి చోట "అక్కా, మీరు మరీ అనుమానం" అని నవ్వేసింది. లేచి వచ్చేసినాం. రంగుల సంగతి తేలిగ్గా తీసేసేది కాదు. అమెరికాలో 2003, 2004లలో ఒక రకం పర్మనెంట్ మేకప్ రంగుల మీద 150కి పైగా ఫిర్యాదులు వచ్చాయి. 2022 జనవరి నుంచి యూరప్ ఈ రంగుల్లోని వేల రసాయనాలకు హద్దులు పెట్టింది.

రెండో చోట ఆమే మమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేసింది. షుగరుందా? రక్తం పలచబడే మందులేమైనా వాడుతోందా? దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బుతుందా? అప్పుడు నాకు కొంచెం నమ్మకం కుదిరింది. ఎప్పుడన్నా ఎమ్మారై తీయాల్సి వస్తే ఈ సంగతి ముందే చెప్పమంది, రంగులోని ఇనుము వల్ల అరుదుగా అక్కడ మంట పుడుతుందంట. పెళ్లి దగ్గరపడినాక చేయనంది. చెక్కులు రాలాలి, నెలన్నరకు మళ్లీ దిద్దాలి.

అక్క సంగతీ అడిగినా. లేజర్‌కు తొందరపడొద్దు, ముందు చర్మ డాక్టరుకు చూపించమంది. ఇనుము, టైటానియం ఉన్న రంగులు లేజర్ తగిలితే ఇంకా నల్లబడే ప్రమాదం ఉందట. వచ్చే వారం అక్కను నేనే కడపకు పిల్చుకుపోతున్నా.

అమ్మాయికి ఆ రోజు చెవి వెనక చిన్న చుక్క మాత్రం పెట్టి పంపింది, పడుతుందో లేదో చూడ్డానికి. ఇంటికొచ్చినాక అక్క చూసి "దిష్టిచుక్క ఇప్పుడే పెట్టినారేమే?" అంది. రోజూ జడ పక్కకు తీసి చూస్తున్నాం. ఇంతవరకైతే ఎర్రబడలేదు.