ఆటవికం

ఎక్కడ ఘోరం జరిగినా మన పత్రికల్లో ముందుగా వచ్చే మాట ‘ఆటవిక చర్య’. గుంపు కొట్టి చంపితే ‘ఆటవిక న్యాయం’, ఏలికలు దౌర్జన్యం చేస్తే ‘ఆటవిక పాలన’. రాసేవారికి ఎవరినీ నొప్పించాలని ఉండదు. కానీ ఆ పేపరును హాస్టల్లో పాడేరు ఆదివాసీ పిల్ల, ఉట్నూరు ఆదివాసీ పిల్లాడు కూడా చదువుతారు.

అటవి తత్సమం, అడవి తద్భవం. అటవిలో ఉండేవాడు ఆటవికుడు. వ్యుత్పత్తిలో ఉన్నది అంతే. క్రూరత్వం ఊసే లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆటవికులు రాజు సైన్యంలో చేర్చుకోదగ్గ బలగం, జాగ్రత్తపడాల్సిన బలగం కూడా. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనం ఆటవిక రాజులందరినీ పరిచారకులుగా చేసుకున్నట్టు చెప్పుకుంటుంది. అంటే అడవికీ రాజులున్నారు. అయితే శాసనం వేయించింది గెలిచినవాడు. నగరవాసి నాగరికుడయ్యాడు, అడవివాసి పేరు తిట్టయింది.

ఆ తిట్టు క్యాంపస్‌లో ఇంకా బతికే ఉంది. చేరిన కొత్తలోనే ‘నీ ర్యాంకెంత?’ అంటారు. అడిగేది ర్యాంకు, ఆరా తీసేది పుట్టుక. 2019లో ముంబైలో పీజీ చదువుతున్న తడ్వీ భిల్లు డాక్టరు పాయల్ తడ్వీ ఆత్మహత్య చేసుకున్నారు. సీనియర్లు కులం పేరుతో వేధించారన్నది కుటుంబం ఆరోపణ. అదే ఏడాది ఆమె తల్లి అబేదా, అంతకుముందు ఆత్మహత్య చేసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తల్లి రాధిక కలిసి విద్యాసంస్థల్లో వివక్షపై సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

తిట్టుకు ఎదురు నిలిచినవారు అంతకుముందూ ఉన్నారు. ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్. 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో లేచి, తాను జంగ్లీనని, అందుకు గర్వపడుతున్నానని చెప్పారు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు నేర్పేది కాదు, వారి దగ్గర నేర్చుకోవాల్సిందని కూడా అన్నారు. మన ‘ఆటవికుడు’కు హిందీ తోబుట్టువే ఆ ‘జంగ్లీ’.

కానీ తిట్టును తిప్పికొట్టే భారం ప్రతిసారీ తిట్టు పడ్డవారి మీదే వేయడం అన్యాయం. ఇవాళ విజయనగరంలో, ములుగులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలున్నాయి. అక్కడ పాఠం చెప్పే మాస్టారు దౌర్జన్యాన్ని ‘ఆటవికం’ అంటే, ఎదురుగా కూర్చున్న కోయ, సవర పిల్లలు దాన్ని నోట్సులో రాసుకోవాలా?

విలేకరులకు, ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. క్రూరం, దారుణం, కిరాతకం అని మనకు మాటలు బోలెడు అనుకుంటాం. చూడండి, ఆ మూడోది కూడా కిరాతులనే అడవి జనం పేరే. దాన్నీ వదిలేయండి. క్రూరాన్ని క్రూరమనండి, దారుణాన్ని దారుణమనండి. తెలుగుకు ఆ రెండు మాటలు చాలు.