యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్

యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్ (యు.ఎన్.సి.ఎఫ్.) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ప్రైవేటు నల్లజాతి కళాశాలలకు, అక్కడి విద్యార్థులకు ఆర్థిక సహాయం అందించే లాభాపేక్ష లేని సంస్థ. ఇది 1944 ఏప్రిల్ 25న స్థాపించబడింది. ఇందులో 37 విద్యాసంస్థలకు సభ్యత్వం ఉంది. "నీగ్రో" అన్న పదం కాలక్రమేణా గౌరవం కోల్పోయింది. అందువలన 2008 నుండి సంస్థ తన చిహ్నంలో పొడి అక్షరాలనే వాడుతున్నది.

నేపథ్యం

బానిసత్వ కాలంలో దక్షిణాదిన పలు రాష్ట్రాలలో బానిసలకు చదువు నేర్పడం నేరంగా ఉండేది. అంతర్యుద్ధం (1861-65) ముగిసిన తరువాత మిషనరీ సంఘాలు, నల్లజాతి చర్చిలు, ప్రభుత్వాలు వారి కొరకు విద్యాలయాలను నెలకొల్పాయి. ఫిస్క్ (1866), మోర్‌హౌస్ (1867), టస్కెగీ (1881) వీటిలో ముఖ్యమైనవి. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో మోర్‌హౌస్ నుండి పట్టభద్రుడయ్యాడు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం, నల్లజాతివారి విద్యయే ప్రధాన ధ్యేయంగా 1964కు ముందు స్థాపించబడినవి "చారిత్రక నల్లజాతి కళాశాలలు". ఇవి సుమారు 100 ఉన్నాయి. వీటిలో అన్ని జాతులవారికీ ప్రవేశం ఉంది.

స్థాపన

1930లలోని ఆర్థిక మాంద్యం వలన ఈ కళాశాలలకు విరాళాలు తగ్గిపోయాయి. కళాశాలలన్నీ విడివిడిగా దాతలను ఆశ్రయించే బదులు కలిసి ఒకే విజ్ఞప్తి చేయాలని టస్కెగీ అధ్యక్షుడు ఫ్రెడరిక్ డి. ప్యాటర్సన్ 1943లో పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రికలో ప్రతిపాదించాడు. మరుసటి సంవత్సరం 27 కళాశాలలు ఏకమయ్యాయి. మేరీ మెక్లియోడ్ బెథ్యూన్, విలియం ట్రెంట్ ఇతర వ్యవస్థాపకులు. మొదటి ఉద్యమంలో సుమారు 7,60,000 డాలర్లు సమకూరాయి.

నిధులు

జాన్ ఎఫ్. కెనెడీ తనకు 1957లో లభించిన పులిట్జర్ బహుమతి సొమ్మును ఈ సంస్థకు ఇచ్చాడు. ఒక మేధస్సు వృథా కావడం ఘోరమనే అర్థం గల నినాదం 1972లో ప్రచారంలోకి వచ్చి దేశమంతటా ప్రసిద్ధమైంది. 1990లో వాల్టర్ యానెన్‌బర్గ్ 5 కోట్ల డాలర్లు ప్రకటించాడు. 2024లో లిల్లీ ఎండోమెంట్ 10 కోట్ల డాలర్లు, 2025లో మెకెంజీ స్కాట్ 7 కోట్ల డాలర్లు సభ్య కళాశాలల ఉమ్మడి శాశ్వత నిధి కొరకు ఇచ్చారు. శాశ్వత నిధిలో అసలును కదపకుండా, దానిపై వచ్చే ఆదాయాన్ని ఖర్చు చేస్తారు. చాలా నల్లజాతి కళాశాలలకు ఇటువంటి నిధి స్వల్పం. కనుక అవి విద్యార్థులు చెల్లించే రుసుముపైనే ఎక్కువగా ఆధారపడతాయి.

ఉపకార వేతనాలు

సహాయం రెండు విధాలుగా అందుతుంది. కళాశాలలకు ఇచ్చే నిధుల వలన బోధనా రుసుము పెరగకుండా ఉంటుంది. విద్యార్థులకు ఇచ్చే ఉపకార వేతనాలకు సాధారణంగా మార్కులను, కుటుంబ ఆర్థిక అవసరాన్ని పరిగణిస్తారు. అల్పాదాయ విద్యార్థులకు సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు మొత్తం ఖర్చుకు సరిపోదు. మిగిలిన లోటు పూడకపోతే చదువు మధ్యలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ లోటును తీర్చడమే ఈ వేతనాల ముఖ్య ప్రయోజనం.

1999లో గేట్స్ దంపతుల సంస్థ ఇచ్చిన 100 కోట్ల డాలర్లతో గేట్స్ మిలీనియం స్కాలర్స్ పథకం మొదలైంది. యు.ఎన్.సి.ఎఫ్. నిర్వహించిన ఈ పథకం క్రింద వివిధ అల్పసంఖ్యాక వర్గాలకు చెందిన 20,000 మంది ఎంపికయ్యారు. చివరి బృందం ఎంపిక 2016లో జరిగింది.

ప్రభుత్వ కళాశాలలు

ప్రభుత్వ నల్లజాతి కళాశాలల కొరకు 1987లో మరొక సంస్థ ఏర్పడింది. సుప్రీం కోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి పేర దీనిని థర్గుడ్ మార్షల్ కాలేజ్ ఫండ్ అంటారు. 1890 చట్టం క్రింద ఏర్పడిన ప్రభుత్వ నల్లజాతి విశ్వవిద్యాలయాలకు 16 రాష్ట్రాలు మూడు దశాబ్దాలలో 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చాయని సమాఖ్య ప్రభుత్వం 2023లో ఆ రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు వ్రాసింది.

ఇవి కూడా చూడండి

* టస్కెగీ విశ్వవిద్యాలయం
* మార్టిన్ లూథర్ కింగ్
* థర్గుడ్ మార్షల్