వసారాలో మొదలైన సంఘాలు: చదువు రాని ఇళ్ళు విశ్వాసాన్ని ఎలా నిలబెట్టాయి?



పోస్టు కొంచెం పెద్దది. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, మీరూ తీరిగ్గా చదవండి. ముందే ఒక మాట. ఇది ఎవర్నీ మతం మారమని అడిగే పోస్టు కాదు. మన గ్రూపులో వేల్పుల్ని కొలిచేవాళ్ళు ఉన్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లోనే ఈ మూడు రకాలూ ఉన్నారు. నేను చరిత్ర చదువుకునే అమ్మాయిని. గుడి కట్టడం లేకుండా, చదువు రాని ఇళ్ళల్లో ఒక విశ్వాసం తరం నుంచి తరానికి ఎలా వచ్చింది అన్నది నా ప్రశ్న. ఈ ప్రశ్న నాకు క్లాసులో రాలేదు, ఇంటి నుంచి వచ్చిన ఫోన్‌లో వచ్చింది.

మా ఊళ్ళో చర్చి లేదు. ఆదివారం మా ఇంటి వసారాలోనే ఆరేడు కుటుంబాలు కూడుకుంటాయి. పాస్టరు గారు నెలకి ఒకసారి వస్తారు. వాగు పొంగితే అదీ లేదు. మిగతా వారాలు మా అమ్మే నడిపిస్తుంది. అమ్మకి అక్షరం రాదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచి బైబిలు చదివేది నేనే. నేను తెలుగులో చదివితే అమ్మ దాన్ని కోయలో చెప్పేది. డిగ్రీకి హాస్టల్‌కి వచ్చేశాక ఆ చదివే పని ఆగిపోయింది. తమ్ముడు ఆరో తరగతి. నలుగురిలో చదవమంటే గొంతు రాదు వాడికి. రెండు నెలల కింద అమ్మ ఫోన్ చేసి, "చదివేటోళ్ళు లేరు బిడ్డా. ఇంక కూటం మానేద్దాం అంటున్నారు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చదువుకోడానికి వచ్చినందుకు మా ఇంట్లో ఒకటి ఆరిపోతోంది అనిపించింది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. అందుకే లైబ్రరీలో కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. దొరికింది మీతో పంచుకుంటున్నాను.

మొదట చర్చిలే లేవు

క్రైస్తవ సంఘం పుట్టిన తర్వాత సుమారు మూడు వందల ఏళ్ళు ఎక్కువగా ఇళ్ళల్లోనే నడిచింది. రోమా సామ్రాజ్యంలో ఈ మతానికి చట్టం రక్షణ దొరికింది 313లో. పెద్ద పెద్ద చర్చి భవనాలు ఆ తర్వాతి సంగతి. ఫిలిప్పీ పట్నంలో లూదియ అనే ఊదా రంగు వ్యాపారం చేసే ఆమె ఇల్లే కూడుకునే చోటు. పౌలు, సీల జైలు నుంచి బయటికి రాగానే వెళ్ళింది ఆమె ఇంటికే. అకుల, ప్రిస్కిల్ల భార్యాభర్తలు. వాళ్ళ వృత్తి డేరాలు కుట్టడం. రోమా నుంచి యూదుల్ని వెళ్ళగొడితే బతుకుదెరువు కోసం ఊళ్ళు మారారు. ఎఫెసులో వాళ్ళింట్లో సంఘం ఉంది, మళ్ళీ రోమాకి వచ్చినా వాళ్ళింట్లో సంఘం ఉంది. అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన అపొల్లో గొప్ప పండితుడు. ఆ పండితుణ్ణి పిలిచి, తెలియనిది విడమరిచి చెప్పింది ఈ డేరాలు కుట్టేవాళ్ళే.

ఆ కాలంలో చాలామందికి చదువు రాదు. పౌలు ఉత్తరం వస్తే ఒకరు పైకి చదివేవాళ్ళు, మిగతావాళ్ళు వినేవాళ్ళు. విన్నది గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళి చెప్పేవాళ్ళు. అంటే చదివే ఒక్కరి మీద కాదు, విని మళ్ళీ చెప్పే పదిమంది మీద ఆ సంఘం నిలబడింది. మా వసారా కూడా అలాంటిదే కదా అని అప్పుడు తట్టింది.

ఇంకో ఇల్లు నాకు బాగా దగ్గరైంది. లుస్త్ర అనే ఊళ్ళో తిమోతి ఇల్లు. తల్లి యునీకే యూదురాలు, విశ్వాసి. తండ్రి గ్రీసు దేశస్థుడు. ఒకే ఇంట్లో రెండు దారులు. పిల్లవాడికి విశ్వాసం నేర్పింది అవ్వ లోయి, అమ్మ యునీకే. పౌలు తన ఉత్తరంలో ఆ ఇద్దరి పేర్లూ రాశాడు కాబట్టి మనకి తెలిశాయి. రాయకపోతే తెలిసేవి కావు.

ఇళ్ళల్లో సంఘం నడిచిందనడానికి తవ్వకాల్లో కూడా ఆధారం దొరికింది. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత పట్నం ఉంది. 1930లలో అక్కడ తవ్వితే ఒక మామూలు ఇల్లు బయటపడింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి పెద్ద గది చేసుకున్నారు. ఇంకో గదిలో బాప్తిస్మానికి తొట్టి, గోడల మీద బొమ్మలు ఉన్నాయి. 256 ప్రాంతంలో ఆ పట్నం యుద్ధంలో నాశనమైంది కాబట్టి ఆ ఇల్లు అంతకంటే పాతది. మనుషులు పెరిగితే గోడ తీసేసి చోటు చేసుకున్నారంతే.

మన గోదావరి ఒడ్డున

ఇప్పుడు మన వైపు వద్దాం. 1860 ప్రాంతంలో గోదావరి మీద పడవల రాకపోకలకి పనులు జరుగుతున్నప్పుడు దుమ్ముగూడెంలో హేగ్ అనే ఇంజినీరు ఉండేవాడు. సైన్యంలో కెప్టెన్, తర్వాత జనరల్ అయ్యాడు. ఆయన నడిపిన ప్రార్థన కూటాల్లోంచి కోయల మధ్య మిషను మొదలైంది. ఆయన దగ్గర ఉద్యోగం చేసే వెంకటరామరాజు అనే ఆయన విశ్వాసంలోకి వచ్చి, ఉద్యోగం వదిలి ఆ మిషనులో పనిచేశాడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ చాలా ఏళ్ళు దుమ్ముగూడెంలో ఉన్నాడు. మన ఆచారాల గురించి ఆయన రాసినవాటిని 1909లో వచ్చిన థర్‌స్టన్ పుస్తకంలో చాలా చోట్ల వాడుకున్నారు. లూకా సువార్త కోయ భాషలోకి ఆ 19వ శతాబ్దంలోనే వచ్చింది.

చదువుతుంటే నాకు సంతోషమూ వేసింది, కోపమూ వచ్చింది. మా అవ్వ మాట్లాడే భాషని అంత కాలం కిందే అచ్చు వేశారని సంతోషం. కోపం ఎందుకంటే, ఆ రాతల్లో దొరల పేర్లు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. పొయ్యి దగ్గర కూర్చుని పిల్లలకి ప్రార్థన నేర్పిన ఒక్క కోయ తల్లి పేరు కూడా నేను చదివిన పేజీల్లో కనపడలేదు. లోయి, యునీకేల పేర్లు రాసే పౌలు మన అవ్వలకి దొరకలేదు.

తర్వాత డోర్నకల్. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకుని ఈ వైపు మనుషుల్ని పంపారు. అలా వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన తండ్రి చిన్నప్పుడే చనిపోతే తల్లి ఎలెన్ పెంచింది. ఆయన పట్టుబట్టి చెప్పిన విషయం ఒకటుంది. సువార్త చెప్పడం జీతం తీసుకునే పాస్టరు పని మాత్రమే కాదు, బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషి పని. పల్లెల్లో చదువు రాని కూలీలు కూడా ఏడాదికి ఒక వారం పక్క ఊళ్ళకి వెళ్ళి తమకి తెలిసింది చెప్పేవాళ్ళు.

గుప్పెడు బియ్యం

నన్ను అన్నిటికంటే ఆపేసింది మిజోరం. వాళ్ళూ మనలాగే కొండల మీది గిరిజనులు. లొరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు అక్కడికి 1894 జనవరి 11న చేరారు. మిజో భాషకి లిపి లేకపోతే రోమన్ అక్షరాలతో ఏర్పాటు చేశారు. మొదటి బాప్తిస్మాలు 1899లో. 1910లో అక్కడి ఆడవాళ్ళు ఒక అలవాటు మొదలుపెట్టారు. అన్నం వండే ప్రతిసారీ కుండలో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టడం. దాన్ని 'బుహ్‌ఫాయ్ థామ్' అంటారు. ఇంటింటి నుంచీ ఆ బియ్యం పోగు చేసి, అమ్మి, సంఘం పనికి వాడతారు. చేతిలో డబ్బు లేని తల్లి కూడా ఇవ్వగలిగింది ఒక్క గుప్పెడు. నూరేళ్ళు దాటినా అది ఆగలేదు. ఈ రోజు మిజో సంఘాలు దేశంలో ఎన్నో చోట్లకి తమ మనుషుల్ని పంపుతున్నాయంటే దాని వెనక ఈ గుప్పెళ్ళు ఉన్నాయి.

అక్కడా పొరపాట్లు జరిగాయి, అదీ చెప్పాలి. మొదట్లో వాళ్ళ డోలుని చర్చిలోకి రానివ్వలేదు. తర్వాత ఉజ్జీవాలు వచ్చినప్పుడు జనమే డోలుని లోపలికి తెచ్చుకున్నారు. ఇప్పుడు డోలు లేకుండా మిజో ఆరాధనే లేదు. మన కొమ్ములు, మన డోలు, మన భాష వదిలేస్తేనే విశ్వాసి అని ఎవరన్నా అంటే మిజో వాళ్ళని చూపించండి.

మా వసారాలో ఏం జరిగింది

ఇదంతా చదివాక అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, కూటం ఆపొద్దు. అప్పటి వాళ్ళల్లో కూడా చాలామందికి చదువు రాదు" అన్నాను. అమ్మ నమ్మలేదు. "నిజంగానా?" అని రెండు సార్లు అడిగింది.

ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం రాత్రి నేను ఒక అధ్యాయం చదివి వాయిస్ మెసేజ్ పంపుతాను. ఊళ్ళో సిగ్నల్ లేదు. తమ్ముడు చీకటి పడకముందే గట్టు ఎక్కి పోయిన వారానిది దించుకుని వస్తాడు. అంటే నేను పంపింది ఒక వారం ఆలస్యంగా చేరుతుంది. పౌలు ఉత్తరాలు ఇంకా ఆలస్యంగా చేరేవి కదా అనుకుంటాను. ఆదివారం అందరూ వింటారు. తర్వాత ఎవరో ఒకరు ఆ కథని కోయలో మళ్ళీ చెప్పాలి. ప్రతి వారం మనిషి మారాలి.

మా తాత వేల్పులకి కొలుపులు చేసే మనిషి. కూటానికి రాడు. వసారా చివర మంచం మీద పడుకుని వింటుంటాడు. మొన్న అమ్మ ఒక మాటకి కోయలో సరైన పదం దొరక్క ఆగిపోతే, కళ్ళు మూసుకునే ఆ పదం అందించాడట. తిమోతి ఇల్లు గుర్తొచ్చింది నాకు. తాత ఏ దారిలో ఉన్నా మా భాష ఆయన దగ్గరే ఉంది. ఆయన్ని పక్కన పెట్టి మా ఇంటి సంఘం నడవదు.

చివరగా ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఏ నమ్మకం ఉన్నా సరే, దాన్ని మీకు నేర్పిన అవ్వ పేరు, అమ్మ పేరు, వాళ్ళు చెప్పిన మాట ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడే అడగండి. రాయడం వచ్చిన మొదటి తరం మనమే. మనం రాయకపోతే ఇంకో నూరేళ్ళకి కూడా పుస్తకాల్లో దొరల పేర్లే ఉంటాయి.

ఉంటాను. జోహార్.