బెంగుళూరు పెంకులు బెంగుళూరువి కావు!

ఊళ్లో తాతల నాటి పెంకుటింటికి నాచు పట్టింది, ప్రెషర్ వాషర్‌తో కొట్టేద్దాం అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఆ పెంకు ఎలా పుట్టిందో ముందు చెప్తాను. అది తెలిస్తే ఎలా కడగాలో మీకే తెలిసిపోతుంది.

మనవైపు పాతది గూన పెంకు. కుమ్మరి సారె మీద మట్టిని గొట్టంలా లేపి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా చీల్చి, ఆరబెట్టి ఆవంలో కాల్చేవాడు. గొట్టానికి రెండు పెంకులన్నమాట. వీటికి కొక్కెం లేదు, గాడి లేదు. ఒక వరస వెల్లకిలా, దాని మీద ఇంకో వరస బోర్లా. తమ బరువుతోనే నిలబడతాయి. కోతి దూకితే చాలు, జరిగిపోతాయి! (కోతులకి ఇది తెలుసని నా గట్టి అనుమానం.) అందుకే ఏటా వానలకి ముందు పైకెక్కి, పెంకులు తీసి, చెత్త దులిపి, పగిలినవి మార్చి మళ్లీ పేర్చేవాళ్లు. కుమ్మరికి ఏటా పని ఉండేది.

ఇక మనం బెంగుళూరు పెంకు అనేది నిజానికి మంగుళూరుది. 1841లో ఫ్రాన్స్‌లో గిలార్డోని అన్నదమ్ములు ఒకదాన్నొకటి పట్టుకునే పెంకుకి పేటెంట్ తీసుకున్నారు. ఆ తరహా పెంకుల ఫ్యాక్టరీని 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ తరఫున జార్జ్ ప్లెబ్స్ట్ మొదలుపెట్టాడు. ఎందుకు? మతం మారినవాళ్లని కులం వెలేసింది, బతుకుతెరువు పోయింది. వాళ్లకి పని కావాలి. పక్కనే నేత్రావతి నది బంకమట్టి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం మిషన్ ఫ్యాక్టరీలని లాగేసుకుంది. పెంకు మాత్రం ఆగలేదు, మన ఊళ్ల దాకా వచ్చేసింది.

దీని కింద ఉన్న ముక్కు రీపర్‌కి తగులుకుంటుంది, అంచు గాడి పక్క పెంకుని పట్టుకుంటుంది. ఏటా విప్పి పేర్చే పని తప్పింది. కుమ్మరికి ఆ పనీ పోయింది. ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇప్పుడు కడగడం. ఈ పెంకుకి ప్రాణం గాడి. వేపాకు, నాచు అందులో పేరుకుంటే నీళ్లు గట్టు దాటి లోపలికి దిగుతాయి, రీపర్ కుళ్లుతుంది. కాబట్టి ఎండాకాలంలో, పొడిగా ఉన్నప్పుడు, గాడిలో చెత్త తీసి కొబ్బరిపీచు బ్రష్‌తో రుద్దండి. తర్వాత పైనుంచి కిందికి మామూలు నీళ్లు పోయండి. ప్రెషర్ వాషర్ వద్దు. పెంకు పైపొర లేచిపోతుంది, అప్పుడది నీళ్లు ఇంకా పీలుస్తుంది, నాచు ఇంకా పడుతుంది. కింది నుంచి కొడితే నీళ్లు నేరుగా అటక మీదకే! యాసిడ్ జోలికీ వెళ్లొద్దు. పెంకు నడిమధ్యన కాలు పెట్టకండి, నిచ్చెన పడుకోబెట్టి దాని మీద నడవండి. తడిసిన కప్పు అసలు ఎక్కొద్దు.

ఒకటి పగిలితే ఏదో ఒక కొత్త పెంకు తెచ్చి పెడితే సరిపోదు. కంపెనీని బట్టి అచ్చు మారుతుంది, గాడి కలవదు. పగిలినదాన్ని తిరగేసి చూడండి, చాలావాటికి వెనక కంపెనీ పేరో ముద్రో ఉంటుంది. అదే ముద్ర ఉన్నది పాత ఇళ్లు కూల్చేచోట వెతకండి. కొన్నింటి మీద బాసెల్ మిషన్ పేరు, 1865 అని కూడా ఉంటుంది. అలాంటిది దొరికితే మాత్రం ఫోటో తీసి నాకు పంపండి, ప్లీజ్.