పాతాళగంధి: అడవి వేరు నుంచి మెదడు రహస్యం దాకా

పాతాళగంధి మోకాలెత్తు దాటడమే అరుదు. సంస్కృతంలో సర్పగంధ, వృక్షశాస్త్రంలో రావుల్ఫియా సర్పెంటీనా. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు ఉన్న ఎపోసైనేసీ కుటుంబమే దీనిదీ. హిమాలయాల దిగువన తరాయి నుంచి అస్సాం వరకు, తూర్పు, పడమటి కనుమల్లో, ఇంకా మయన్మార్, థాయ్‌లాండ్, జావా అడవుల్లో చెట్ల నీడన, తేమ ఆరని నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది.

కణుపుకు మూడు నాలుగు ఆకులు కాండం చుట్టూ వస్తాయి. ఆకు కోలగా, పైన నిగనిగలాడుతూ, అడుగున లేతగా ఉంటుంది. పూల గుత్తిలో కాడలు, రక్షకపత్రాలు ఎర్రన. సన్నని గొట్టంలాంటి పువ్వు తెల్లగా, లేత ఊదా ఛాయతో విచ్చుకుంటుంది. బఠాణీ గింజంత కాయలు పచ్చగా మొదలై, పండాక నల్లని ఊదా రంగుకు తిరుగుతాయి. అసలు విలువంతా నేల కిందే. వంకరలు తిరిగిన వేరు మూరెడు దాకా దిగుతుంది. పైన మట్టిరంగు బెరడు నిలువునా గీతలు పడి ఉంటుంది, లోపలి చెక్క పాలిపోయిన పసుపు. పేరులో గంధం ఉన్నా వేరుకు చెప్పుకోదగ్గ వాసన లేదు. చేదు మాత్రం నాలుకను వదలదు.

చరక, సుశ్రుత సంహితల్లో సర్పగంధ ప్రస్తావన ఉన్నా, అది ఈ మొక్కేనా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. జనవైద్యంలో దీని స్థానం మాత్రం స్పష్టం. పాము కాటుకు, జ్వరానికి, నిద్ర పట్టనివారికి ఈ వేరు ఇచ్చేవారు. బిహార్‌లో దీన్ని 'పాగల్ కీ దవా' అనే పేరుతోనే అమ్మేవారు. పాము విషానికి ఇది విరుగుడు కాదు. కాటు పడితే ఆస్పత్రిలో యాంటీవెనమ్ ఎక్కించుకోవడం ఒక్కటే దారి. కానీ ఉద్రేకాన్ని అణచి నిద్ర పుచ్చుతుందన్న పల్లె అనుభవం వట్టి నమ్మకం కాదని 20వ శతాబ్దం తేల్చింది.

ఆ పరీక్ష మొదలైంది మన దేశంలోనే. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరిపొడి వాడితే మతి చలించినవారి ఉద్రేకంతోపాటు రక్తపోటు కూడా దిగుతోందని ప్రకటించారు. అదే ఏడాది ఢిల్లీ ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ వేరు నుంచి అయిదు ఆల్కలాయిడ్లను వేరుచేశారు. కళాశాల స్థాపకుడు హకీం అజ్మల్ ఖాన్ స్మృతిగా ఒకదానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. ఒక దేశీయ హకీం పేరు ప్రపంచ రసాయనశాస్త్రంలో నిలిచిపోవడం గర్వపడాల్సిన సంగతి. గుండె లయను దెబ్బతీసే బ్రుగాడా జబ్బును పసిగట్టడానికి అజ్మలీన్‌ను వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు.

ప్రపంచం చెవిన పడింది మాత్రం 1949లో. బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అధిక రక్తపోటు ఉన్న 50 మందికి ఈ వేరు మాత్రలిచ్చి, ఎక్కువమందికి పోటు తగ్గిందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. అప్పటికి రక్తపోటుకు నిలకడగా పనిచేసే మందులు దాదాపు లేవు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు వేరులోని అసలు శక్తిని రిసర్పీన్‌గా విడదీశారు. రోజుకు పావు మిల్లీగ్రాము కూడా చాలేంత బలమైన పదార్థం అది. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలో మానసిక వైద్యుడు నాథన్ క్లైన్ దాన్ని ఆస్పత్రి రోగుల మీద వాడి ఫలితాలు ప్రకటించారు. 1956లో రాబర్ట్ వుడ్‌వర్డ్ ప్రయోగశాలలో రిసర్పీన్‌ను మొదటి నుంచి చివరిదాకా తయారుచేశారు. కర్బన రసాయనశాస్త్రంలో గొప్ప విజయాల్లో ఒకటిగా దాన్ని నేటికీ చెప్పుకుంటారు. 1957లో వకీల్‌కూ, క్లైన్‌కూ లాస్కర్ పురస్కారం దక్కింది.

రిసర్పీన్ పనితీరు తెలుసుకోబోయినవారికి మెదడు గుట్టే దొరికింది. నాడీకణాలు డోపమైన్, నారడ్రినలిన్, సెరటోనిన్ వంటి రసాయనాలను చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి. ఆ సంచుల్లోకి సరుకు చేర్చే ద్వారాన్ని రిసర్పీన్ మూసేస్తుంది. బయట మిగిలినది విచ్ఛిన్నమై నిల్వ కరిగిపోతుంది. దాంతో రక్తనాళాలు సడలుతాయి, మనసు నెమ్మదిస్తుంది. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రిసర్పీన్ ఇచ్చింది. అవి చెవులు వాల్చి, కదలిక లేకుండా పడిపోయాయి. తర్వాత ఒంట్లో డోపమైన్‌గా మారే డోపాను సూదితో ఎక్కించగానే కాసేపట్లో చెవులు నిలబెట్టి తిరగసాగాయి. కదలికలకు డోపమైన్ ఎంత అవసరమో ఆ కుందేళ్లే చూపించాయి. పార్కిన్సన్ రోగులకు ఇచ్చే లెవోడోపా ఈ దారిలో వచ్చిందే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ దక్కింది. పాతాళగంధి చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. బీపీ మాత్రగా సంపాదించిన పేరు దీని ముందు చిన్నది.

ఆ పేరు ఎంతోకాలం నిలవలేదు కూడా. ముక్కు దిబ్బడ, మగత, కడుపులో పుండ్లు ముదరడం, కొందరిలో తీవ్రమైన దిగులు కనిపించాయి. 1974లో రొమ్ము క్యాన్సర్‌తో ముడిపెట్టిన నివేదికలు మరింత దెబ్బతీశాయి; ఆ అనుమానాన్ని తర్వాతి అధ్యయనాలు బలపరచలేదు. ఇంతలో దుష్ఫలితాలు తక్కువున్న కొత్త మందులు వచ్చి రిసర్పీన్‌ను పక్కకు నెట్టాయి. వేరిపొడిని ఎవరికి వారు వేసుకోవడం ఈనాటికీ ప్రమాదమే. దిగులు జబ్బు, అల్సర్ ఉన్నవారు, గర్భిణులు దాని జోలికి పోకూడదు.

మందు ప్రాభవం తగ్గినా మొక్కకు జరిగిన నష్టం పూడలేదు. వేరు కావాలంటే మొక్కను కూకటివేళ్లతో పెకలించాలి, కాబట్టి ఒకసారి తవ్వితే అక్కడ ఇక మిగిలేది ఏమీ ఉండదు. గిరాకీ పెరిగిన 1950ల్లో అడవులు ఖాళీ అవుతుంటే భారత ప్రభుత్వం వేరు ఎగుమతిని కట్టడి చేసింది. విదేశీ పరిశ్రమ ఆఫ్రికాకు చెందిన రావుల్ఫియా వామిటోరియా వైపు మళ్లింది. 1990లో పాతాళగంధి, ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేరి, అంతర్జాతీయ వ్యాపారం అనుమతులకు లోబడింది. అంగడి సరుకులో కల్తీ కూడా తక్కువ కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చి మన బీడు భూముల్లో పెరుగుతున్న రావుల్ఫియా టెట్రాఫిల్లా వేరును దీని పేరుతో కలిపేస్తుంటారు.

అడవిని కాపాడాలంటే సాగే దారి, కానీ సాగు తేలిక కాదు. గింజ పెంకు గట్టిది, మొలక శాతం తక్కువ. నీళ్లలో వేసి తేలిన గింజల్ని పారేసి, మునిగినవే నారుమడిలో చల్లుతారు. వేరు ముక్కలు నాటినా మొలుస్తాయి. ఏడాదిన్నర నుంచి రెండు మూడేళ్లు ఆగి, ఆకు రాలే చలికాలంలో తవ్వితే ఆల్కలాయిడ్లు నిండుగా ఉంటాయి. తవ్వేముందు నేల తడిపితే వేరు తెగకుండా వస్తుంది. వేరిలోని మందులో అత్యధిక భాగం బెరడులోనే కాబట్టి మట్టి కడిగేటప్పుడు అది ఊడకుండా చూడాలి. ఆపైన బాగా ఆరబెట్టి, చెమ్మ తగలని చోట గోనె సంచుల్లో నిల్వ చేస్తారు.