బోస్టన్ మశూచి, 1721: ఒక బానిస సాక్ష్యం

1721 ఏప్రిల్‌లో కరీబియన్ సముద్రం వైపు నుంచి వచ్చిన సీహార్స్ అనే ఓడ బోస్టన్ రేవులో లంగరు వేసింది. దానితో పాటే మశూచి ఊళ్ళోకి దిగింది. అంతకు ముందు అక్కడ మశూచి పెద్దయెత్తున ప్రబలి పంతొమ్మిదేళ్ళయింది. ఈ మధ్యకాలంలో పుట్టి పెరిగిన తరానికి ఆ రోగాన్ని తట్టుకునే శక్తి లేదు. సుమారు 11,000 జనాభా ఉన్న ఊళ్ళో 5,889 మంది జబ్బు పడ్డారు, 844 మంది చనిపోయారు.

ఈ రోగాన్ని ఎదుర్కొనే ఉపాయం తెలిసినవారు అప్పటికే ఆ ఊళ్ళో ఉన్నారు. వారు వైద్యులు కారు. ఆఫ్రికా నుంచి తెచ్చి అమ్మిన బానిసలు.

కాటన్ మేథర్ బోస్టన్‌లో పేరున్న మతబోధకుడు. 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణలను సమర్థించినవాడు. 1706లో అతని చర్చి సభ్యులు ఒక ఆఫ్రికన్ బానిసను కొని అతనికి కానుకగా ఇచ్చారు. మేథర్ ఆ మనిషికి బైబిల్‌లోని ఒక బానిస పేరు పెట్టాడు: ఒనేసిమస్. నీకు ఎప్పుడైనా మశూచి వచ్చిందా అని యజమాని అడిగితే, వచ్చిందనీ చెప్పవచ్చు, రాలేదనీ చెప్పవచ్చు అన్నాడు ఒనేసిమస్. రోగి పొక్కులోని చీమును ఆరోగ్యంగా ఉన్నవారి చేతి మీద గాటుపెట్టి ఎక్కిస్తే రోగం తేలికగా వచ్చి పోతుందనీ, మళ్ళీ జన్మలో రాదనీ వివరించి, తన చేతి మీది మచ్చ చూపించాడు.

మేథర్ ఆ మాటను కొట్టిపారేయలేదు. బోస్టన్‌లోని ఇతర ఆఫ్రికన్లను విడివిడిగా విచారించాడు. అందరూ చెప్పింది ఒక్కటే. లండన్ రాయల్ సొసైటీ పత్రికలో 1714లో వచ్చిన ఒక వ్యాసం కాన్‌స్టాంటినోపుల్‌లో ఇదే పద్ధతి ఉన్నదని తెలిపింది. ఎక్కడెక్కడివారో, ఒకరినొకరు ఎరుగనివారు, ఒకే సంగతి చెబుతున్నప్పుడు అది కల్పన అయ్యే అవకాశం తక్కువని అతను తర్కించాడు. 1716లో రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఒనేసిమస్ పేరును ప్రస్తావించాడు.

1721 జూన్‌లో మేథర్ ఊళ్ళోని వైద్యులందరికీ ఈ పద్ధతిని ప్రయత్నించమని రాశాడు. ముందుకు వచ్చినవాడు జబ్డియల్ బాయిల్‌స్టన్ ఒక్కడే. అతనికి వైద్య పట్టా లేదు, తండ్రి దగ్గర పని నేర్చుకున్నవాడు. జూన్ 26న తన ఆరేళ్ళ కొడుక్కీ, తన బానిసలైన జాక్‌కూ, జాక్ రెండున్నరేళ్ళ కొడుక్కీ టీకా వేశాడు.

ఊరు భగ్గుమంది. వ్యతిరేకులకు నాయకుడు విలియం డగ్లస్, ఆనాటి బోస్టన్‌లో వైద్య పట్టా ఉన్న ఒకే ఒక్క వైద్యుడు. రాయల్ సొసైటీ వ్యాసం ఉన్న సంపుటాన్ని మేథర్‌కు చదవడానికి ఇచ్చింది అతనే. వివాదం ముదిరాక తిరిగి తీసేసుకున్నాడు. అతని అభ్యంతరాలలో ఒకటి న్యాయమైనదే. అలా ఎక్కించేది అసలు మశూచే కనుక, టీకా వేయించుకున్నవారిని విడిగా ఉంచకపోతే వారి నుంచి ఇతరులకు సోకుతుంది. బాయిల్‌స్టన్ ఈ జాగ్రత్తను తగినంతగా పాటించలేదు. అయితే డగ్లస్ అక్కడితో ఆగలేదు. ఆఫ్రికన్ల మాట నమ్మడమేమిటని ఎగతాళి చేశాడు. సాక్ష్యాన్ని తూచవలసిన చోట సాక్షి పుట్టుకను తూచాడు. నవంబరులో ఎవరో మేథర్ ఇంట్లోకి మండుతున్న చేతిబాంబు విసిరారు, అది పేలలేదు.

చివరికి తీర్పు చెప్పినవి లెక్కలు. సహజంగా రోగం సోకినవారిలో నూటికి పద్నాలుగు మంది చనిపోయారు. బాయిల్‌స్టన్ టీకా వేసిన 240 మందికి పైగా జనంలో చనిపోయినవారు ఆరుగురు, అంటే నూటికి ఇద్దరు ముగ్గురు. ఒక చికిత్స మంచిచెడ్డలను ఇలా అంకెలతో పోల్చి చూపడం వైద్య చరిత్రలో తొలి ప్రయత్నాలలో ఒకటి. బాయిల్‌స్టన్ 1726లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. డగ్లస్ కూడా మారాడు. దాదాపు మూడు దశాబ్దాల తరువాత తాను రాసిన అమెరికా వలసల చరిత్రలో ఈ పద్ధతి ఎంతో మేలు చేసేదని అంగీకరించాడు.

ఈ జ్ఞానం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. అదే 1721లో లేడీ మేరీ మాంటెగ్యు టర్కీలో చూసిన పద్ధతిలో తన కూతురికి లండన్‌లో టీకా వేయించింది. బెంగాల్‌లో ఊరూరా తిరిగి ఈ పని చేసేవారి గురించి హోల్వెల్ 1767లో లండన్ వైద్యులకు నివేదించాడు. మనం నేడు వ్యాక్సిన్‌కు వాడే టీకా అన్న మాట, జెన్నర్ 1796లో చేసిన గోమశూచి ప్రయోగానికి ముందు, ఉత్తరాదిన ఈ పాత పద్ధతికే వాడుకలో ఉండేది.

డగ్లస్ పక్షపాతం అందరికీ కనబడుతుంది. మేథర్‌ది అంత తేలికగా కనబడదు. అతను ఆఫ్రికన్ల మాటను నమ్మాడు, వారి పక్షాన వాదించి అవమానాలు పడ్డాడు. కాని వారి సాక్ష్యాన్ని వారి వచ్చీరాని ఇంగ్లీషు ఉచ్చారణతో సహా రాసిపెట్టాడు. వారిని సొంత ఆస్తిగా ఉంచుకోవడంలో తప్పేమీ చూడలేదు. పరాయి సంస్కృతిలోని విద్యను గౌరవించడానికీ, ఆ విద్య నేర్పిన మనిషిని సాటి మనిషిగా చూడడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో అతని జీవితం చెబుతుంది. మొదటి మూడు టీకాలలో రెండింటిని అందుకున్న తండ్రీకొడుకులకు కాదనే హక్కు లేదన్న సంగతి కూడా ఈ కథలో భాగమే.

ఒనేసిమస్ 1716లో తన బదులు మరొక బానిసను కొనడానికి డబ్బు ఇచ్చి పాక్షికంగా స్వేచ్ఛ పొందాడు. మేథర్ ఇంటివారు పిలిచినప్పుడు వచ్చి పని చేయాలన్నది షరతు. ఆ తరువాత అతని జాడ చరిత్రలో దొరకదు. తల్లిదండ్రులు అతనికి పెట్టిన పేరును మేథర్ ఎక్కడా రాయలేదు.