ఇంటిపేరు మారిన బదనిక



మా పుట్టిల్లు రాజోలు వైపు. పెరట్లో ముత్తాతల నాటి మామిడిచెట్టు ఒకటి ఉండేది. ఏటా పూత రాకముందే తాతయ్య మనిషిని పిలిపించి, కొమ్మల మీద మొలిచిన బదనికలన్నీ కోయించేసేవారు. "చెట్టు రసం తాగేస్తాయే అమ్మా, ఉంచితే కాపు దక్కదు" అనేవారు నాతో. ఆ కోతలో ఒక మొక్కను మాత్రం నాయనమ్మ ముట్టుకోనిచ్చేది కాదు. పట్టీల్లాంటి దళసరి ఆకులు, గాలిలోకి వేలాడే తెల్లటి వేళ్లు. ఎండాకాలం వచ్చేసరికి గళ్ల తువాలు గుడ్డతో కుట్టినట్టుండే పువ్వులు, మధ్యన ఊదారంగు నాలుక. "అది పువ్విచ్చే మొక్కండీ, దాని జోలికి పోకండి" అనేది.

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ వాళ్లెవరూ మరిచిపోలేరు గదా. కొబ్బరిచెట్లతోపాటు మా మామిడీ వేళ్లతో సహా కూలిపోయింది. చెట్టు ఎండింది. దానితోపాటే బదనికలూ ఎండాయి. నాయనమ్మ మొక్క మాత్రం పచ్చగానే ఉంది! అమ్మ దాన్ని బెరడుతో సహా ఊడదీసి కొబ్బరి డొక్కకు కట్టింది. దాని పిలకే ఇప్పుడు అమలాపురంలో మా వరండా కిటికీ దగ్గర ఉంది.

ఆ మొక్క ఆర్కిడ్. బదనిక తన వేరును కొమ్మలోకి దింపి చెట్టు రసం పీలుస్తుంది కనుక చెట్టుతోనే పోతుంది. ఆర్కిడ్‌కు చెట్టు అరుగులాంటిది. కూర్చోవడానికి చోటిస్తే చాలు, నీరు వానలోంచి, గాలిలోని తేమలోంచి తెచ్చుకుంటుంది. చెట్టెక్కిన ప్రతిదాన్నీ మనం ఒకే పేరుతో పిలవబట్టి, ఏ పాపం ఎరగని మొక్కలు ఎన్ని కత్తికి బలి అయ్యాయో!

ఈ మొక్కను మొదట పుస్తకానికెక్కించినాయన మనకు పొరుగునే ఉండేవాడు. ఆయన విలియం రాక్స్‌బర్గ్, 1751లో స్కాట్లాండులో పుట్టిన వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1776లో మద్రాసు వచ్చి, 1781 నుంచి కాకినాడ దగ్గరి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, చెరకు వంటివి పెంచి చూశాడు. ఇక్కడి చిత్రకారులను జీతానికి పెట్టుకుని చెట్టూచేమల బొమ్మలు గీయించాడు. 1787లో కోరంగి మీద విరుచుకుపడిన తుపాను ఉప్పెనలో ఆయన పుస్తకాలు, కాగితాలు, సేకరించిన మొక్కలు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు బదిలీ అయ్యాడు. 1795 నుంచి 1820 వరకు, అంటే 1815లో ఆయన పోయిన తరువాత కూడా, కోరమాండల్ తీరపు మొక్కల మీద 300 బొమ్మలతో మూడు సంపుటాలు లండన్‌లో అచ్చయ్యాయి. ఆ బొమ్మలు గీసిన మనవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. ప్రతి మొక్కకూ పేరుంది, కుంచె పట్టిన చేతికి లేదు.

నాయనమ్మ మొక్కకు ఆ పుస్తకంలో 1795లో వచ్చిన పేరు ఎపిడెండ్రమ్ టెస్సలేటమ్. మొదటి మాటకు అర్థం 'చెట్టు మీదది', రెండోదానికి 'గళ్లగళ్లది'. స్వీడన్ పండితుడు లిన్నేయస్ 1753లో మొక్కలకు రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చాడు. ముందు ప్రజాతి పేరు, తరువాత జాతి పేరు. అంటే అచ్చం మన తెలుగువాళ్ల లాగానే, ముందు ఇంటిపేరు, ఆ తరువాత తన పేరు!

అయితే చెట్టెక్కిన ఆర్కిడ్లలో చాలావాటిని ఎపిడెండ్రమ్ అనే ఒక్క ఇంట్లోకే నెట్టేశారు. మా తాతయ్య అన్నిటినీ బదనిక అన్నట్టే. కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఈ మొక్కకు 'వందా' అన్న సంస్కృతపు మాట వాడాడు. దానికీ మన బదనిక అనే అర్థం. 1820లో రాబర్ట్ బ్రౌన్ ఆ మాటనే ఇంటిపేరు చేసి 'వాండా రాక్స్‌బర్గీ' అన్నాడు. అయితే మొదట పెట్టిన సొంత పేరే నిలవాలన్నది శాస్త్రంలో నియమం. అందుచేత చివరికి అది 'వాండా టెస్సలేటా' అయింది. ఇల్లు మారింది, తన పేరు నిలిచింది. పెళ్లయి అత్తవారి ఇంటిపేరు తెచ్చుకున్న నాకు ఈ సంగతి చదివినప్పుడు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను.

ఆర్కిడ్ కుటుంబంలో సుమారు 28 వేల జాతులున్నాయి. ఇప్పుడు కణాల్లోని వారసత్వ పదార్థాన్ని పరీక్షించి అయిదు ఉపకుటుంబాలుగా విడదీశారు. మనకు అంత లోతు అక్కర్లేదు. పెంచడానికి రెండు తీరులు తెలిస్తే చాలు. ఒకటి కొబ్బరి తీరు: ఒకే కాండం పైకి పోతుంది. వాండా ఇలాంటిది. రెండోది అరటి తీరు: పక్కనుంచి పిలకలు వేస్తూ గుబురు కడుతుంది. కడియం నర్సరీల్లో దొరికే డెండ్రోబియం ఇలాంటిది. కనుక డెండ్రోబియంను పిలకలు వెడల్పుగా పెరిగే చోట ఉంచాలి. వాండాను వేళ్లు వేలాడేలా కట్టాలి.

రెంటికీ మట్టి పనికిరాదు. కొబ్బరి డొక్కలను మూడు నాలుగు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టండి. ఎర్రటి కషాయం దిగిపోయాక బొగ్గు, ఇటుక ముక్కలతో కలిపి వాడండి. కుండీకి చిల్లులు బాగా ఉండాలి. తూర్పు కిటికీ మంచిది. హాల్లో టీవీ పక్కన చీకట్లో పెడితే ఆకులు ముదురుపచ్చగా కనిపిస్తాయే గాని పువ్వు రాదు. నీళ్లు ఉదయం పూటే పొయ్యండి. తడిసిన వేరు ఆకుపచ్చగా, దాహం వేసిన వేరు తెల్లగా ఉంటుంది. అది చూసి పోస్తే చాలు. రాత్రిపూట ఆకుల మొదట్లో నీరు నిలిస్తే మొక్క కుళ్లుతుంది.

ఇంకొక్క మాట. అడవి నుంచి పీకి తెచ్చిన మొక్కను ఎవరైనా అమ్మితే కొనకండి. నర్సరీలో పెంచినదే కొనండి. మీ పుట్టింటి మామిడి మీద బదనికలు కోయిస్తున్నప్పుడు ఒక్క నిమిషం చెట్టు కింద నిలబడి పైకి చూడండి. తెల్లటి వేళ్లు గాలిలో వేలాడుతుంటే, నాయనమ్మ మాట నా తరఫున మీరు చెప్పండి: "అది పువ్విచ్చే మొక్క, దాని జోలికి పోకండి."